ఒకే అమ్మాయి, రెండు దరఖాస్తులు: జపాన్ మెక్స్ట్ స్కాలర్‌షిప్ కేస్ స్టడీ

కనిగిరి వైపు పల్లె నుంచి వచ్చిన మా విద్యార్థిని ఒకరు 2022లో జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టింది. రాతపరీక్ష దాకా కూడా వెళ్లలేదు, కాగితాల వడపోతలోనే పోయింది. 2023లో మళ్లీ పెట్టింది. ఈసారి వచ్చింది. రెండుసార్లూ మనిషి అదే, బీటెక్ మార్కులు అవే, కాలేజీ అదే. మధ్యలో ఆమె ఏ పెద్ద పరీక్షా రాయలేదు, పేరున్న సంస్థలో ఉద్యోగమూ చేయలేదు. మరి మారిందేమిటి? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికి చాలామంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అడిగారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొదటినుంచీ రాద్దామనిపించింది.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో పాఠాలు చెబుతాను. విదేశీ స్కాలర్‌షిప్‌లకు వెళ్లే పిల్లల కాగితాలు చూసే పని కూడా కొన్నేళ్లుగా నాదే. ఆ అమ్మాయిని అడిగి, తను సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరి పేరు, చేరిన విశ్వవిద్యాలయం పేరు రాయను.

ముందు స్కాలర్‌షిప్ గురించి నాలుగు మాటలు. మెక్స్ట్ అనేది జపాన్ విద్యా మంత్రిత్వ శాఖ ఇంగ్లీషు పేరుకు పొడి అక్షరాలు. ఆ శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్‌ను కూడా మనవాళ్లు మెక్స్ట్ అనే అంటారు. 1954 నుంచి ఇస్తున్నారు. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి మన దేశంలోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారా వెళ్లేది, రెండోది జపాన్ విశ్వవిద్యాలయమే నేరుగా సిఫారసు చేసేది. ఈ కేసు మొదటి దారిది, అందులోనూ రీసెర్చ్ స్టూడెంట్ అనే విభాగానిది. పీజీ, పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు సాధారణంగా పెట్టేది ఇదే. ఫీజులన్నీ వాళ్లే కడతారు. రీసెర్చ్ స్టూడెంట్‌గా ఉన్నన్నాళ్లూ నెలకు 1,43,000 యెన్‌లు, మాస్టర్స్‌లో చేరితే 1,44,000, డాక్టరేట్‌లో 1,45,000 ఇస్తారు. కొన్ని ప్రాంతాల్లో ఉండేవాళ్లకు దీనిమీద నెలకు రెండు మూడు వేల యెన్‌లు అదనం. రానుపోను విమానం టికెట్టూ వాళ్లదే.

ఇదంతా విన్నాక వాళ్ల నాన్నగారు నన్ను అడిగిన మొదటి మాట ఇది: "మేడమ్ గారూ, వాళ్లు డబ్బులిచ్చి మరీ మన పిల్లని ఎందుకు చదివిస్తారండీ? తర్వాత ఏమన్నా రాయించుకుంటారా?" ఆయన భయం న్యాయమైనదే. ఊళ్లో ఊరికే డబ్బిచ్చేవాళ్లను ఆయన చూడలేదు. బాండ్ ఏమీ ఉండదని, చదువయ్యాక అక్కడే పనిచేయాలన్న షరతు లేదని నిబంధనల కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆ రోజు దానికే గంట పట్టింది. ఆడపిల్లను అంత దూరం పంపాల్సిన తండ్రికి ఆ గంట అవసరం.

మొదటిసారి ఏం జరిగింది

2022లో ఆమె బీటెక్ చివరి సంవత్సరంలో ఉంది. నోటిఫికేషన్ ఏప్రిల్‌లో వచ్చింది, గడువు మే నెలలో. సాధారణంగా ప్రతి ఏడూ ఇదే వరస. అంటే చేతిలో ఉండేది నెల, నెలన్నర. అప్పుడే సెమిస్టర్ పరీక్షలు, ప్రాజెక్టు వైవా కూడా. నోటిఫికేషన్ వచ్చాకే మేం పని మొదలుపెట్టాం.

ఈ దరఖాస్తులో అసలైనది రెండు పేజీల కాగితం. ఏం చదవాలనుకుంటున్నావు, ఏ పరిశోధన చేస్తావు, ఎలా చేస్తావు అన్నది అందులో రాయాలి. రీసెర్చ్ ప్లాన్ అంటాం. ఆ రెండు పేజీల కోసం ఇంట్లోవాళ్లు ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టారు. వాళ్లు ఇచ్చింది అమెరికా విశ్వవిద్యాలయాలకు రాసే ఎస్‌ఓపీ, అంటే నేనెవరిని, ఎందుకు చదవాలనుకుంటున్నాను అని చెప్పుకునే తరహా వ్యాసం. చిన్నప్పటినుంచీ నాకు సైన్స్ అంటే ఇష్టం అని మొదలై, జపాన్ క్రమశిక్షణను మెచ్చుకుని, నా దేశానికి సేవ చేస్తాను అని ముగిసింది. పరిశోధన అంశం పేరు "భారత గ్రామాల్లో తాగునీటి సమస్యలు, సుస్థిర పరిష్కారాలు". అదే వ్యాసం దేశం పేరు మార్చి ఇంకో ఇద్దరికి కూడా ఇచ్చారని తర్వాత తెలిసింది. ఆ డబ్బు వాళ్ల నాన్న పొగాకు అమ్మిన డబ్బు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

తప్పు వాళ్లది మాత్రమే అనలేను. ఆ కాగితం నా దగ్గరికీ వచ్చింది. నేను దాంట్లో ఇంగ్లీషు దిద్దాను. కామాలు సరిచేశాను, రెండు వాక్యాలు విడగొట్టాను. "ఇందులో నువ్వు తేల్చాలనుకుంటున్న ప్రశ్న ఏది?" అని ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు, ఆ సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసేది.

ఆ వ్యాసంలో రెండో పేరా వాళ్ల నాయనమ్మ గురించి. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లలకు గార పళ్లు, పెద్దవాళ్లకు నడుము, మోకాళ్లు పట్టేయడం అక్కడ తరాలుగా ఉన్నాయి. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును గుర్తించి వైద్యులు పత్రం ప్రచురించారు. కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఈ అమ్మాయి నాయనమ్మ నడుము పూర్తిగా వంగిపోయి, చివరి పదేళ్లు నేలను చూస్తూనే నడిచింది. వ్యాసంలో ఆ బాధ, ఇంటి పేదరికం, అన్నీ ఉన్నాయి. చదివితే కళ్లు చెమర్చేవి. కానీ ఎంపిక చేసేవాళ్లు అడుగుతున్నది అది కాదు. ఈ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితి లేదు, పేదరికం ఇక్కడ అర్హత కాదు. ఈ అమ్మాయిని ఏ ప్రొఫెసర్ దగ్గర కూర్చోబెట్టాలి, అక్కడ ఏం పని చేస్తుంది అన్నదే వాళ్లు చూస్తారు. మా కాగితంలో దానికి జవాబు లేదు.

ఎంపికైనవాళ్ల జాబితాలో పేరు లేదు. కారణం చెప్పరు. ఆమె నాలుగు రోజులు కాలేజీకి రాలేదు.

మధ్య ఏడాది

పాసయ్యాక ఆమె మా పర్యావరణ ప్రయోగశాలలోనే ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరింది. జీతం తక్కువ. అయినా నీటి నమూనాలు పరీక్షించే పని రోజూ చేతిలో ఉండేది. సెప్టెంబరులో ఒక సాయంత్రం కూర్చుని మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కంప్యూటర్ తెరవలేదు.

"మీ ఊళ్లో ఫ్లోరైడ్ తీసే ప్లాంటు ఉండేదన్నావు కదా, ఏమైంది?" అని అడిగాను.

"ఆగిపోయింది మేడమ్."

"ఎందుకు?"

"గుళికలు పనిచేయడం మానేశాయి."

"ఎందుకు మానేశాయి?"

"తెలీదు మేడమ్."

ఆ తెలీదన్న దానినుంచే మొదలుపెడదాం అన్నాను.

ఇక్కడ విషయం కొంచెం చెప్పాలి, లేకపోతే ప్లాన్ ఎలా మారిందో అర్థం కాదు. ఫ్లోరైడ్ తీయడానికి మనవాళ్లకు బాగా తెలిసిన పద్ధతి నల్గొండ పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైనున్న నీళ్లు తీసుకోవడం. రెండోది యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల మీదుగా నీటిని పంపడం. గుళికలు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి. నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి, తర్వాత ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడతారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చు అన్నది మన ప్రమాణం. ఆమె ఊళ్లో పెట్టింది గుళికల ప్లాంటు.

దసరా సెలవులకు ఊరెళ్లి, ఒకప్పుడు ఆ ప్లాంటు చూసుకున్న పెద్దాయనతో మాట్లాడింది. ఆయన చెప్పిన మాటే ఈ కేసు మొత్తానికి కీలకం. "మొదట్లో ఒకసారి కడిగితే చాలా రోజులు వచ్చేదమ్మా. కడిగిన కొద్దీ రోజులు తగ్గిపోయినై. చివరికి కడిగిన వారానికే మళ్లీ పాత నీళ్లే." వాడేసిన గుళికల సంచులు పంచాయతీ ఆఫీసు వెనక ఇంకా పడి ఉన్నాయి. ఆమె రెండు డబ్బాల నిండా ఆ గుళికలు, నాలుగు బోర్ల నీళ్లు తెచ్చింది.

మా ల్యాబ్‌లో చూస్తే ఆ నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితికి రెండింతలు దాటి ఉంది. బైకార్బనేట్ కూడా బాగా ఎక్కువ, నీటి స్వభావం క్షారం వైపు. యాక్టివేటెడ్ అల్యూమినా కాస్త ఆమ్ల గుణం ఉన్న నీటిలో, అంటే పీహెచ్ 5, 6 మధ్య, బాగా పనిచేస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. మా ఊళ్ల నీళ్లు అలా ఉండవు. బైకార్బనేట్, సిలికా లాంటివి ఫ్లోరైడ్‌తో పోటీపడి గుళికల మీద చోటు ఆక్రమిస్తాయి. వాటిని ప్రతిసారీ కడిగినప్పుడు పూర్తిగా వదిలించగలుగుతున్నామా, లేక అవే పేరుకుపోయి గుళికను పనికిరాకుండా చేస్తున్నాయా? ఇదీ ఆమె ప్రశ్న. వాక్యం తయారవడానికి సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పట్టింది.

ఇలా రాస్తే తేలిగ్గా అయినట్టుంటుంది. నిజానికి ఆ నాలుగు నెలల్లో ఆమె రెండుసార్లు అంశం మార్చింది. ఒకసారి నానో పదార్థాలు అంది, ఎందుకంటే పత్రాల్లో అవే కనిపిస్తున్నాయి. ఇంకోసారి కృత్రిమ మేధ కలుపుదామంది, అది పెడితేనే ఇప్పుడు ఎంపిక చేస్తారని ఎవరో చెప్పారట. రెండుసార్లూ నేను అడిగింది ఒకటే: ఆ పెద్దాయన చెప్పిన మాటకు ఇది జవాబు ఇస్తుందా? ఇవ్వదంది, పక్కన పెట్టాం.

ప్రొఫెసర్‌ను వెతకడం

మొదటిసారి మేం ప్రపంచ ర్యాంకుల జాబితా చూసి పైనుంచి మూడు పేర్లు రాశాం. రెండోసారి విశ్వవిద్యాలయం పేరు చివరికి వచ్చింది. ముందు పత్రాలు చదివింది. నీటిలోంచి అయాన్లను పీల్చే పదార్థాల మీద, వాటిని మళ్లీ వాడకానికి తేవడం మీద జపాన్‌లో ఎవరు పనిచేస్తున్నారు? రీసెర్చ్‌మ్యాప్ అని జపాన్ పరిశోధకుల వివరాలుండే సైట్ ఉంది. కాకెన్ అని ప్రభుత్వ పరిశోధన నిధుల వివరాలుండే ఇంకో డేటాబేస్ ఉంది. ఈ రెండో దాంట్లో ఏ ప్రొఫెసర్‌కు ఏ అంశం మీద, ఎప్పటివరకు నిధులున్నాయో కనిపిస్తుంది. మన పిల్లల్లో చాలామందికి దీని సంగతి తెలియదు. పదేళ్ల కింద రాసిన పత్రం చూసి ఉత్తరం రాస్తారు, ఆ ల్యాబ్ ఎప్పుడో వేరే పనికి వెళ్లిపోయి ఉంటుంది.

ఎనిమిది ల్యాబ్‌లు చూసి ముగ్గురిని ఎంచుకుంది. ఒక్కొక్కరివి కనీసం మూడు పత్రాలు పూర్తిగా చదివి, వాటిలో తనకు అర్థంకానివి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ తర్వాత ఇంటర్వ్యూలో పనికొచ్చింది.

ఫిబ్రవరిలో ప్లాన్ రాయడం మొదలుపెట్టింది. మొదటి పేరాలో సమస్య, రెండో దాంట్లో ఇప్పటివరకు తెలిసింది, తర్వాత తన ప్రశ్న, ఆపైన పేజీ అంతా పని ఎలా చేస్తుందన్నది. ఏ నీటి మిశ్రమం తయారుచేస్తుంది, ఎన్నిసార్లు కడిగి చూస్తుంది, గుళిక ఉపరితలాన్ని ఏ పరికరంతో చూడాలి, ఆ పరికరం ఏ ల్యాబ్‌లో ఉంది, మొదటి ఆరునెలల్లో ఏమిటి, తర్వాత ఏమిటి. మా ల్యాబ్‌లో పాత గుళికల మీద తను చేసిన చిన్న పరీక్ష ఫలితం ఒక వాక్యంలో పెట్టింది. నాయనమ్మ? ఆమె గురించి అసలు రాయొద్దని నేను అనలేదు. తనే తీసేసింది. "మా ఊరి ప్లాంటు ఆగిపోయింది" అన్న ఒక్క వాక్యం ఉంచింది. ఆ వాక్యం కింద ఏముందో నాకు తెలుసు కాబట్టి చదివినప్పుడల్లా ఆగేదాన్ని.

రికమండేషన్ లెటర్ విషయంలో కూడా నిరుడు చేసిన తప్పు చేయలేదు. నిరుడు మా కాలేజీలో అందరికీ ఇచ్చే ఫార్మాట్‌లోనే పేరు మార్చి ఇచ్చాం. క్రమశిక్షణ గల విద్యార్థిని, కష్టపడుతుంది, ఉజ్వల భవిష్యత్తు, అంతే. ఈసారి ఆమె పనిని దగ్గరుండి చూసిన అధ్యాపకురాలు రాసింది. ఒకరోజు ఎలక్ట్రోడ్ రీడింగులు తేడాగా వస్తుంటే అందరూ పరికరం పాడైందన్నారని, ఈ అమ్మాయి మాత్రం పరికరాన్ని సరిచూసుకోవడానికి వాడే కాలిబ్రేషన్ ద్రావణం పాతబడిందని కనిపెట్టి కొత్తది తయారు చేసిందని ఉంది అందులో. ఆ ఒక్క సంఘటన మిగతా విశేషణాలన్నిటికంటే బలమైనదని నా నమ్మకం. ప్రిన్సిపాల్‌గారు సంతకం పెట్టేముందు చదివి, "ఇలా కూడా రాయొచ్చన్నమాట" అన్నారు.

కాగితాల గురించి క్లుప్తంగా. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, బీటెక్ మెమోలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. మన తెలుగు పిల్లలందరికీ ఇదే బాధ. ముగ్గురూ ఒకరేనని కాలేజీ నుంచి లేఖ తీసుకుని జతచేశాం. ఆరోగ్య పత్రం వాళ్లిచ్చిన ఫారంలోనే, ఒక్క గడీ కూడా ఖాళీ వదలకుండా డాక్టర్‌తో రాయించాలి. నిరుడు రెండు గడులు ఖాళీగా వెళ్లాయి. ఈసారి ఆసుపత్రికి నేనే తోడు వెళ్లాను.

పరీక్ష, ఇంటర్వ్యూ

కాగితాల వడపోతలో నిలిచినట్టు మెయిల్ వచ్చినప్పుడు ఆమె ల్యాబ్‌లో నీళ్ల సీసాలు కడుగుతోంది. తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

రాతపరీక్షలో ఇంగ్లీషు, జపనీస్ రెండూ రాయించారు. జపనీస్ రానివాళ్లకు అది భయంగానే ఉంటుంది. ఆమె డిసెంబరు నుంచి రోజూ పొద్దున అరగంట హిరగానా, కటకానా అక్షరాలు, చిన్న వాక్యాలు నేర్చుకుంది. బాగా రాశానని చెప్పలేదు, ఖాళీ కాగితం మాత్రం ఇవ్వలేదంది. పరీక్షకు, ఇంటర్వ్యూకు వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు మనదే. ఆ మొత్తం ముందే పక్కన పెట్టుకోవాలి. రిజర్వేషన్ దొరక్క జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వెళ్లి, పొద్దున ఇంటర్వ్యూలో కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు.

ఇంటర్వ్యూకు ముందు మేం మా విభాగంలో నాలుగుసార్లు మాక్ ఇంటర్వ్యూ పెట్టాం. రెండుసార్లు సివిల్ వాళ్లు అడిగారు, ఒకసారి కెమిస్ట్రీ వాళ్లు. చివరిసారి కావాలనే తెలుగు లెక్చరర్‌గారిని కూర్చోబెట్టాను, ఎందుకంటే అసలు బోర్డులో ఉండేవాళ్లందరూ ఆ సబ్జెక్టువాళ్లే కానక్కర్లేదు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున, సిద్ధమైంది అనుకున్నాను.

అసలు ఇంటర్వ్యూలో ఆమెను కదిలించిన ప్రశ్న ఒకటుంది. వచ్చాక చెప్పింది. "నల్గొండ పద్ధతి మీ దగ్గరే పుట్టింది కదా, దానికోసం జపాన్ దాకా ఎందుకు?" పోయిన ఏడాది ప్లాన్‌తో వెళ్లి ఉంటే జపాన్ సాంకేతికత గొప్పది అని ఏదో చెప్పేది. ఈసారి తను ఎంచుకున్న ల్యాబ్‌లో గుళిక ఉపరితలం మీద ఏ అయాన్ ఎక్కడ కూర్చుందో చూసే పరికరాలున్నాయని, ఆ ప్రొఫెసర్ ఫలానా పత్రంలో ఇలాంటి పనే ఫాస్ఫేట్ మీద చేశారని, దాన్ని ఫ్లోరైడ్‌కు, తమ ఊరి నీటికి తేవాలనుకుంటున్నానని చెప్పింది. ఇంకో ప్రశ్న: "నీ పద్ధతి ల్యాబ్‌లో పనిచేసింది అనుకుందాం. పల్లెలో ఆ గుళికలు ఎవరు కడుగుతారు?" దీనికి ఆమె పెద్దాయన మాట చెప్పింది. కాస్టిక్ సోడా చేతులతో ముట్టుకునేవాళ్లని, గ్లౌజులు కూడా ఉండేవి కావని, కాబట్టి కడగడం ఎంత తక్కువసార్లు ఉంటే అంత మంచిదని, తన పని ఆ దిశలోనేనని చెప్పిందట. ఆ జవాబు మేం నేర్పింది కాదు.

తర్వాత వచ్చిన అసలు టెన్షన్

చాలామంది ఇంటర్వ్యూ పాసైతే అయిపోయింది అనుకుంటారు. ఈ దారిలో ఆ తర్వాతే కష్టమైన దశ ఉంది. మొదటి వడపోత దాటినట్టు రాయబార కార్యాలయం ఒక పత్రం ఇస్తుంది. అది చూపించి జపాన్ విశ్వవిద్యాలయాల నుంచి మనమే తాత్కాలిక అంగీకార పత్రం తెచ్చుకోవాలి. జపనీస్‌లో దీన్ని నైదాకు అంటారు. గడువు ఆగస్టు చివరి దాకా. ఒకేసారి ఎన్ని విశ్వవిద్యాలయాలను అడగవచ్చన్నదానికి కూడా ఆ ఏటి నిబంధనల్లో పరిమితి ఉంటుంది, అది ముందే చదువుకోవాలి.

మొదటి ప్రొఫెసర్ రెండు రోజుల్లో జవాబిచ్చారు. చాలా మర్యాదగా, ప్లాన్ బాగుందని, కానీ తాను వచ్చే మార్చిలో పదవీ విరమణ చేస్తున్నానని రాశారు. జపాన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల 65 ఏళ్లకు రిటైరవుతారు, విద్యా సంవత్సరం మార్చితో ముగుస్తుంది. ఆయన ఎప్పుడు డాక్టరేట్ తీసుకున్నారో సైట్‌లోనే ఉంది. లెక్కేస్తే తెలిసేది. అది చూడాల్సింది నేను. అప్పటినుంచి ఏ పిల్ల ఏ ప్రొఫెసర్ పేరు తెచ్చినా నేను ముందు చూసేది ఆ సంవత్సరమే.

రెండో ప్రొఫెసర్ నుంచి తొమ్మిది రోజులు జవాబు లేదు. ఈలోపు ఆ విశ్వవిద్యాలయం సైట్‌లో వెతికితే, అంగీకార పత్రం కోసం నేరుగా ప్రొఫెసర్‌కు కాకుండా అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వాళ్ల సొంత ఫారాలు నింపి పంపాలని ఉంది. దానికి వేరే గడువు, ఆగస్టు చివరికంటే ముందే. ఆ రాత్రే కూర్చుని ఫారాలు నింపి పంపింది. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. వాళ్ల సాయంత్రం ఐదంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. గడువు రోజున ఇది గుర్తులేక పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

పంపాక మళ్లీ నిశ్శబ్దం. ఆగస్టు 13 నుంచి 16 దాకా జపాన్‌లో ఓబొన్ పండగ. పెద్దలను తలుచుకునే రోజులు, మన పితృపక్షాల లాంటివి. చాలా విశ్వవిద్యాలయాలు ఆ వారమంతా మూసేస్తారు. మాకు ఆ సంగతి తెలియక, ఇక రాదేమో అని ఆమె ఏడ్చింది. మెయిల్ మీద మెయిల్ పెట్టాలని చూసింది. వద్దని ఆపాను, మూడో ల్యాబ్‌కు మాత్రం రాయమన్నాను. మూడో ప్రొఫెసర్ తాను ఇప్పుడు ఆ అంశం మీద పనిచేయడం లేదని రాశారు. పండగ అయిన మర్నాడే రెండో ప్రొఫెసర్ ఉత్తరం వచ్చింది. ఆలస్యానికి క్షమించమని, ప్లాన్‌లో ఒక ప్రశ్న ఉందని: సిలికాను కాస్టిక్ సోడా కొంతవరకు కరిగిస్తుంది కదా, మరి పేరుకుపోవడం ఎలా జరుగుతుందనుకుంటున్నావు? ఆమె ఒకరోజు తీసుకుని జవాబు రాసింది. తనకు పూర్తిగా తెలియదని, కడిగాక ఆమ్లంతో సరిచేసేటప్పుడు అది తిరిగి గుళిక మీద కూర్చుంటుందేమోనని, దాన్నే మొదట పరీక్షించాలనుకుంటున్నానని. నాలుగు రోజుల్లో అంగీకార పత్రం వచ్చింది. ఒక్కటే వచ్చింది, అదే చాలింది.

రెండో వడపోత జపాన్‌లో మంత్రిత్వ శాఖ దగ్గర జరుగుతుంది. దానికి మనం చేసేదేమీ లేదు. సంక్రాంతి దాటాక ఖాయమైన కబురు వచ్చింది.

వెళ్లేముందు ఇంకో సంగతి అందరూ తెలుసుకోవాలి. అంతా వాళ్లే భరిస్తారన్నా, చేతిలో డబ్బు లేకుండా వెళ్లలేం. మొదటి నెల డబ్బు చేతికొచ్చేదాకా గడవడానికి 2,000 డాలర్లు తెచ్చుకోమని నిబంధనల్లోనే ఉంటుంది. అప్పటి లెక్కలో లక్షా అరవై వేల పైమాటే. ఇంటి నుంచి విమానాశ్రయం దాకా, అక్కడ దిగాక విశ్వవిద్యాలయం ఊరి దాకా ప్రయాణం కూడా మనదే. వాళ్ల నాన్న కొంత, మా పాత విద్యార్థులు కొంత సర్దారు. సర్దినవాళ్లకు ఆమె ఏడాదిలో తిరిగి ఇచ్చేసింది.

2024 ఏప్రిల్‌లో చేరింది. అక్కడికి వెళ్లగానే మాస్టర్స్‌లో చేరినట్టు కాదు. మొదట రీసెర్చ్ స్టూడెంట్, వాళ్ల మాటలో కెంక్యూసెయ్. డిగ్రీ ఇచ్చే కోర్సు కాదది. ఆరునెలలు జపనీస్ నేర్పారు. 2025 ఫిబ్రవరిలో మాస్టర్స్ ప్రవేశ పరీక్ష రాసి, స్కాలర్‌షిప్ పొడిగింపుకు వేరే దరఖాస్తు పెట్టి, ఆ ఏప్రిల్‌లో మాస్టర్స్‌లో చేరింది. రీసెర్చ్ స్టూడెంట్‌గా ఇచ్చిన గడువు ముగిసేలోపు ప్రవేశ పరీక్ష పాసవకపోతే స్కాలర్‌షిప్ అక్కడితో ఆగిపోతుంది. ఇది ముందే తెలిసి వెళ్లింది కాబట్టి మొదటి నెల నుంచే పాత ప్రశ్నపత్రాలు తీసుకుని చదివింది.

పంచాయతీ ఆఫీసు వెనక సంచుల్లోని గుళికలు కొన్ని ఇంకా మా ల్యాబ్‌లో సీసాలో ఉన్నాయి. ఈ సెప్టెంబరులో వాటి పక్కన కూర్చుని ఇంకో అమ్మాయితో మాట్లాడటం మొదలుపెట్టాను. ఆమెది నీళ్ల విషయం కాదు, రొయ్యల చెరువుల మట్టి. "చెరువు మూసేశాక ఆ నేలలో వరి ఎన్నేళ్లకు పండుతుంది?" అని అడిగితే తెలీదంది. శనివారం ఊరెళ్లి, చెరువులు పూడ్చిన రైతులను అడిగి వస్తానంది.